‘ఆ రోజుల్లో అంతే’ అనే మాటలో నిజమెంత?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక ఆదివారం పొద్దున 8 గంటల ఆటకి వెళ్లాను. 20 ఏళ్ల కిందటి సినిమా. రంగులు శుభ్రం చేసి, సౌండ్ సరిచేసి మళ్లీ విడుదల చేశారు. 2022లో ‘పోకిరి’ని ఇలా మళ్లీ థియేటర్లకు తెచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో రీరిలీజులు పండగల్లా జరుగుతున్నాయి. ఆ రోజూ అంతే. టైటిల్స్ పడకముందే పేపర్ ముక్కలు గాల్లోకి లేచాయి. హీరో నోరు తెరిచేలోపే డైలాగు హాలంతా చెప్పేస్తోంది. నా పక్కన నలుగురు కాలేజీ అమ్మాయిలు కూర్చున్నారు. ఆ సినిమా మొదటిసారి వచ్చేనాటికి వాళ్లు బహుశా పుట్టి కూడా ఉండరు. ప్రతి పాటకీ లేచి నిలబడి డాన్స్ చేస్తున్నారు.

ఇంటర్వెల్‌కి ముందు ఒక కామెడీ ట్రాక్ వచ్చింది. పెళ్లిచూపులు. అమ్మాయి నల్లగా ఉంటుంది. “పిల్ల ఏదీ, ముందు లైటెయ్యండి” అంటాడు కమెడియన్. ఈ సీన్‌కి అప్పట్లో హాలు హాలంతా పడీ పడీ నవ్వింది, నాకు బాగా గుర్తు. నేనూ నవ్వాను. ఈసారి ముందు వరసల్లో నవ్వులు వినిపించాయి కానీ మా వరస చప్పబడిపోయింది. పక్కనున్న అమ్మాయి ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టింది. ఆమె ఫ్రెండు మెల్లగా “ఇక్కడ స్కిప్ కొట్టడానికి లేదు కదే” అంది. ట్రాక్ అయిపోయింది, ఫైటొచ్చింది, ఆ అమ్మాయే మళ్లీ లేచి ఈల వేసింది.

ఆమె ఆ సినిమాని క్యాన్సిల్ చేసిందా? లేదు, డబ్బులు పెట్టి టికెట్ కొనుక్కుని ఆదివారం నిద్ర మానుకుని వచ్చింది. పోనీ ఆ సీన్‌ని సరేలే అనుకుందా? అదీ లేదు. టీవీ చర్చల్లో చూస్తే ఈ విషయం మీద రెండే పక్షాలు ఉంటాయి. పాతవన్నీ చెత్త, తీసి పారేయాలనేవాళ్లు ఒకవైపు. ఈ కాలం పిల్లలకి ప్రతిదీ గుచ్చుకుంటుంది, ఆ రోజుల్లో అంతే, వదిలేయండి అనేవాళ్లు ఇంకోవైపు. ఆ అమ్మాయి రెండు వైపులా లేదు. మనలో చాలామందిమి ఆమె కూర్చున్న వరసలోనే ఉన్నాం. అందుకే ఈ చిక్కుముడిని కాస్త ఓపిగ్గా విప్పి చూడాలనిపించింది.

మాట కొత్తది, పని పాతది

మనుషుల విషయంలో ‘క్యాన్సిల్’ అనే మాట వాడకం అమెరికా నల్లజాతి యువత నుంచి వచ్చింది. 1991లో వచ్చిన ‘న్యూ జాక్ సిటీ’ సినిమాలో ఒక గ్యాంగ్‌స్టర్ తన ప్రియురాలిని వదిలించుకుంటూ ఈ మాట వాడతాడు. అంటే పుట్టుకలోనే ఆడమనిషి మీద చులకన ఉన్న మాట ఇది. 2014 తర్వాత ట్విట్టర్‌లో నల్లజాతి యువత దాన్ని వేరే పనికి వాడుకుంది. ‘వీడి పాటలు ఇక వినను, వీడి సినిమాలు ఇక చూడను’ అని చెప్పడానికి. వాళ్లకు సొంత స్టూడియో లేదు, పత్రిక లేదు, కోర్టుకు వెళ్లే స్తోమత లేదు. చేతిలో ఉన్నదల్లా తమ చూపు, తమ డబ్బు. ఆ రెండూ వెనక్కి తీసుకోవడమే వాళ్లకు క్యాన్సిల్. 2019 వచ్చేసరికి ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ నిఘంటువు ‘క్యాన్సిల్ కల్చర్’ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది. అప్పటికే పెద్ద పెద్దవాళ్లు ‘మమ్మల్ని క్యాన్సిల్ చేస్తున్నారు’ అని వాపోవడానికి కూడా అదే మాట వాడుతున్నారు.

మనకు మాట కొత్తే కానీ పని కొత్త కాదు. దాని పేరు వెలి. పెళ్లికి పిలవరు, చావుకి రారు, చాకలిని మంగలిని రానివ్వరు, బావి దగ్గరికి పోనివ్వరు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన్నీ, అండగా నిలిచినవాళ్లనీ ఇలాగే వెలివేశారు. ఇదంతా చరిత్ర అనుకోవద్దు. ఉత్తర తెలంగాణ ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో ఒక కుటుంబాన్నో, ఒక కులం మొత్తాన్నో బహిష్కరించిన వార్తలు ఇప్పటికీ పేపర్లలో వస్తున్నాయి.

వెలికీ క్యాన్సిల్‌కీ పైకి పోలిక ఉంది కానీ తేడా పెద్దది. వెలి పైనుంచి కిందికి పడేది. కట్టుబాటు పెట్టేవాళ్లే దాన్ని అమలు చేసేవాళ్లు. క్యాన్సిల్ కిందినుంచి పైకి వెళ్లే ప్రయత్నంగా మొదలైంది. ఎవరైనా ‘ఫలానా వాళ్లని క్యాన్సిల్ చేశారు’ అన్నప్పుడు నేను మొదట చూసేది ఇదే. చేసినవాళ్లు ఎవరు? వాళ్ల చేతిలో ఏముంది?

ముద్దుపళని కథ

ఇందుకు మన సాహిత్యంలో ఉన్నంత మంచి ఉదాహరణ బయట వెతికినా దొరకదు. 18వ శతాబ్దంలో తంజావూరును ఏలిన ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. దేవదాసీ కులంలో పుట్టింది. ‘రాధికాసాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసింది. రాధ కోరికను, కోపాన్ని, ఈర్ష్యను రాధ పక్షాన నిలబడి చెప్పిన కావ్యం. ‘ఆంధ్రకవుల చరిత్రము’ రాస్తూ వీరేశలింగం పంతులు ఆమెను గట్టిగా తిట్టారు. ఆమె వేశ్య అని, ఆడవాళ్ల నోట రాకూడని మాటలు రాసిందని ఆయన అభ్యంతరం. వెలి దెబ్బ తిన్న మనిషే ఇంకొకరి పుస్తకాన్ని వెలివేశాడు.

బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. తనూ అదే కులంలో పుట్టిన గాయని, పండితురాలు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని భాగాలు తీసేశారని గుర్తించి, తాళపత్ర ప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠం అచ్చు వేయించింది. మగ కవుల శృంగార కావ్యాల్లో లేనిది ఇందులో ఏముంది, సిగ్గు అనేది ఆడవాళ్లకేనా అని పీఠికలోనే అడిగింది. మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమంటూ ఆ పుస్తకం మీద పడింది. టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగేసరికి 1947 వచ్చింది. హైదరాబాద్‌లో ఉండి పనిచేసిన సూసీ తారు, కె.లలిత ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ ముందుమాటలో ఈ కథనంతా చెప్పారు. ఆ సంపుటం 1991లో వచ్చింది. మా తరంలో చాలామందికి ముద్దుపళని పేరు తెలిసింది ఆ దారినే.

ఇప్పుడు వీరేశలింగాన్ని ఏం చేయాలి? ఆయన విగ్రహం తీసేయాలని నేను అనను. వితంతువుల కోసం ఆయన పడ్డ కష్టం చిన్నది కాదు. కానీ ‘ఆ రోజుల్లో అందరూ అలాగే ఆలోచించేవాళ్లు’ అంటే మాత్రం ఒప్పుకోను. అందరూ అలా ఆలోచించలేదు. నాగరత్నమ్మ ఆ రోజుల మనిషే. 1910లోనే, ఆయన బతికుండగానే, ఆయన మొహం మీదే అడిగింది. ఆ మాట ఇప్పుడు మనం కనిపెట్టింది కాదు.

పాత విషయాల మీద వాదన వచ్చినప్పుడల్లా ఇక్కడే పప్పులో కాలేస్తున్నాం. ‘ఆ కాలం’ అనగానే అప్పటివాళ్లందరిదీ ఒకే మనసు అయినట్టు మాట్లాడతాం. ఆ కాలంలో అచ్చుకెక్కినవాళ్లు ఉన్నారు, నోట మాట నోట్లోనే ఉండిపోయినవాళ్లు ఉన్నారు. మనకు దొరికేది మొదటివాళ్ల అభిప్రాయం. దానికే కాలం అని పేరు పెడుతున్నాం.

ఎవరి మనసు నొచ్చుకుంటే పని జరుగుతుంది?

ఇక మన ఊరి సంగతికి వద్దాం. 2019 సెప్టెంబర్‌లో ‘వాల్మీకి’ సినిమా రేపు విడుదలనగా పేరు మారిపోయి ‘గద్దలకొండ గణేష్’ అయింది. వాల్మీకి బోయ సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి. 2017లో ‘దువ్వాడ జగన్నాథమ్’ పాటలో నమకం, చమకం అన్న మాటలు వచ్చాయని బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్తే మాటలు మార్చారు. ఆ అభ్యంతరాలు తప్పని నేను అనడం లేదు, ఎవరి బాధ వాళ్లది. నేను చూస్తున్నది పని జరిగిన వేగం. సంఘం ఉంది, లాయరున్నాడు, ఫోన్ చేస్తే ఎత్తే నాయకుడున్నాడు. పోస్టర్లు రాత్రికి రాత్రే మారాయి.

మరి నత్తి ఉన్న మనిషిని చూపించి నవ్వించినప్పుడు, హిజ్రా పాత్రను పెట్టి హీరో చేత తన్నించినప్పుడు, నల్లటి అమ్మాయిని చూసి లైటెయ్యమన్నప్పుడు? అభ్యంతరం చెప్పినవాళ్లకు దొరికిన సమాధానం ‘కామెడీని కామెడీగా చూడాలి’. ట్రాన్స్‌జెండర్లకు తమ గుర్తింపు తాము చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014లోనే తీర్పు చెప్పింది. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు మన కామెడీ ట్రాకులు, టీవీ స్కిట్లు పాత దారిలోనే నడిచాయి. వికలాంగుల విషయంలో 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక మంచి గీత గీసింది. వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి సాయపడే హాస్యం వేరు, ఆ మనిషిని కించపరిచే హాస్యం వేరు అంది. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దంది. ఆ గీత ఒక్క వైకల్యానికే కాదు, చాలావాటికి పనికొస్తుందని నాకనిపిస్తుంది.

‘చింతామణి’ విషయం ఇంకొంచెం చిక్కు. కాళ్లకూరి నారాయణరావు రాసిన ఆ నాటకం వందేళ్లుగా మన పల్లెల్లో ఆడుతోంది. వేశ్యల వెంట పడితే కొంపలు ఎలా కూలిపోతాయో చెప్పడానికి రాసిన నాటకం. అందులో సుబ్బిశెట్టి అనే పాత్ర ఉంది. కాగితం మీది సుబ్బిశెట్టి వేరు, స్టేజీ మీది సుబ్బిశెట్టి వేరు. చప్పట్ల కోసం, ఈలల కోసం నటులు ఏళ్ల తరబడి బూతు చేర్చుకుంటూ పోయారు. ఆర్యవైశ్య సంఘాలు మమ్మల్ని అవమానిస్తున్నారని చెప్తూ వచ్చాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా నాటకాన్నే నిషేధించింది. విషయం హైకోర్టుకెక్కింది. ఆ పేరుతో ఎవరినైనా వెక్కిరిస్తే కలిగే నొప్పి నిజమైనదే, అందులో సందేహం లేదు. కానీ మందు వేయాల్సింది చేర్చిన బూతుకి. నిషేధం పడింది రాసిన నాటకం మీద, హార్మోనియం పెట్టె మోసుకుని ఊరూరా తిరిగి పద్యం పాడుకునే కళాకారుల పొట్ట మీద.

ప్రభుత్వమే క్యాన్సిల్ చేసే పనికి దిగితే ఎలా ఉంటుందో హైదరాబాద్ 2018 జులైలో చూసింది. సినీ విమర్శకుడు కత్తి మహేష్ టీవీ చర్చలో రాముడి మీద చేసిన వ్యాఖ్యలకు గాను పోలీసులు ఆయన్ని 6 నెలలు నగరంలో అడుగు పెట్టొద్దన్నారు. రెండు రోజుల తేడాతో ఆయన మీద యాత్రకు పిలుపునిచ్చిన స్వామి పరిపూర్ణానందనూ అలాగే బయటికి పంపారు. నగర బహిష్కరణ అన్న మాటే పేపర్లు వాడాయి. మహేష్ మాటలతో ఏకీభవించక్కర్లేదు, ఖండించండి, వాదించండి, టీవీ కట్టేయండి. అది మన హక్కు. కానీ మాట అన్నందుకు మనిషిని ఊళ్లోంచి పంపేయడం అచ్చంగా పాత వెలే. ట్విట్టర్‌లో నలుగురు తిట్టడాన్నీ దీన్నీ ఒకే పేరుతో పిలిస్తే మనకు ఏదీ సరిగ్గా అర్థం కాదు.

మా యాస సంగతి

ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది, అది చెప్పాలి.

మాది జనగామ దగ్గర ఒక ఊరు. 1999లో ఇంటర్‌కి మా బాపు నన్ను హైదరాబాద్‌లో ఒక కాలేజీ హాస్టల్‌లో చేర్పించాడు. దసరా సెలవులకి ఇంటికి పోయి తిరిగొచ్చిన రోజు క్లాసుకి లేటయ్యాను. ఎందుకు లేటని లెక్చరర్ అడిగితే “బస్సు దొర్కలేదు సార్, టేషన్ కాన్నించి నడ్సుకుంట వచ్చిన” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వుతూ “ఏంట్రా, సినిమాల్లో రౌడీలా మాట్లాడుతున్నావ్” అన్నారు. నిజానికి ఆయన మంచి మనిషి. లెక్కలు ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. నన్ను బాధ పెట్టాలని అన్న మాట కాదది. నా నోట్లోంచి వచ్చిన మాట వినగానే ఆయనకు గుర్తొచ్చింది రౌడీ, అంతే.

ఆ తర్వాత రెండేళ్లలో నేను వాళ్లలా మాట్లాడటం నేర్చుకున్నాను. ఆదివారం రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. వెనక వరసలో రూమ్మేట్లు నిలబడి ఉండేవాళ్లు. వాళ్లకి వినపడకూడదని బాపుతో గొంతు తగ్గించి మాట్లాడేవాణ్ణి. “ఏమైందిరా, గొంతు వోయిందా?” అనేవాడు బాపు ప్రతిసారీ. జలుబు చేసిందని చెప్పేవాణ్ణి. ఎన్ని జలుబులు చెప్పానో లెక్కలేదు.

లెక్చరర్‌గారికి ఆ రౌడీ ఎక్కడ దొరికాడు? సినిమాలోనే. మద్రాసులో తీసినన్నాళ్లూ, హైదరాబాద్‌కి వచ్చాక కూడా మన సినిమాల్లో హీరోదీ హీరోయిన్‌దీ ఒక భాష. రౌడీకి, పనివాడికి, అవినీతి నాయకుడికి మా భాష. 1985లో ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాస మాట్లాడితే రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది. అది గొప్ప నటన, ఇవాళ చూసినా గొప్ప నటనే. మా బాపు కూడా కోటకు వీరాభిమాని. ఆయన సినిమా వస్తే జనగామ పోయి చూసొచ్చేవాడు. వచ్చి “మస్తు చేసిండు” అనేవాడు. కాసేపాగి “మనోళ్లను ఒక్కపారన్న మంచోళ్లుగ చూపియ్యరాదు?” అనేవాడు. ఇష్టం, నొప్పి రెండూ ఒకే నోట్లోంచి వచ్చేవి. థియేటర్లో నా పక్కమ్మాయిని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది బాపే.

‘ఆ రోజుల్లో అంతే’ అనేవాళ్లకి ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. ‘ప్రతిఘటన’కి ఐదారేళ్ల ముందే ‘మాభూమి’ వచ్చింది. అందులో తెలంగాణ రైతు, కూలీ తమ భాషలోనే ఏడ్చారు, పోరాడారు, పాడారు. ఆ తర్వాత 1988లో బి.నర్సింగరావు ‘దాసి’ తీశారు. వేరేలా తీయొచ్చని అప్పటికే తీసి చూపించినవాళ్లు ఉన్నారు. పెద్ద సినిమాలు ఆ దారిన నడవలేదంటే దారి లేక కాదు, అవసరం అనిపించక.

మరి ఇది ఎలా మారింది? ఉద్యమ కాలంలో కొన్ని షూటింగులను అడ్డుకున్న మాట నిజం. అవి రాజకీయ కోపంలో జరిగినవి, వాటివల్ల యాస బాగుపడిందని నేను అనుకోను. బాగుపడింది మాట్లాడటం వల్ల. కవులు రాశారు, జర్నలిస్టులు రాశారు, ‘విలన్లకేనా మా భాష’ అని సభల్లో, బస్సుల్లో, పెళ్లిళ్లలో అడిగారు. 2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో ‘పెళ్లిచూపులు’లో హీరో ఫ్రెండు మా యాసలో మాట్లాడితే ఊరు ఊరంతా వాడి డైలాగులు అప్పజెప్పింది. 2017లో ‘ఫిదా’ హీరోయిన్ బాన్సువాడ పిల్ల. ఆమె మాటలకి గుంటూరు, విజయవాడల్లో కూడా ఈలలేశారు. 2023లో ‘బలగం’ చూసి ఊళ్లకు ఊళ్లు ఒకచోట కూర్చుని ఏడ్చాయి. ఇన్నేళ్లలో ‘ప్రతిఘటన’ని ఎవరూ నిషేధించమనలేదు. అది ఇప్పటికీ ఉంది. పక్కన ఇంకో పది సినిమాలు వచ్చి నిలబడ్డాయి.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో అపు అనే భారతీయ దుకాణదారుకి ఒక తెల్లజాతి నటుడు యాస పెట్టి గొంతు ఇచ్చేవాడు. దాన్ని వినిపించి వినిపించి అక్కడ పుట్టిన మన పిల్లల్ని బడిలో ఏడిపించారు. తెలుగు మూలాలున్న కమెడియన్ హరి కొండబోలు 2017లో దీని మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆయన కూడా ‘ది సింప్సన్స్’ అభిమానే, ఆ మాట అందులోనే చెప్పాడు. 2020 జనవరిలో ఆ నటుడు హ్యాంక్ అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనని తప్పుకున్నాడు. అమెరికాలో మన యాసని వెక్కిరిస్తే మనందరికీ మండింది. నాంపల్లి యాసని వెక్కిరిస్తే ఎందుకు మండకూడదో నాకు అర్థం కాదు.

అన్న మాట, అన్న మనిషి

సినిమా ఒకటైతే, మనిషి నోరు జారిన మాట ఇంకొకటి. 2017 మేలో ఒక సినిమా పాటల వేడుకలో నటుడు చలపతిరావు ఆడవాళ్ల గురించి చాలా నీచమైన మాట అన్నారు. తెల్లారేసరికి అది రాష్ట్రమంతా పాకింది. పోలీసు కేసయింది, క్షమాపణ చెప్పారు. అలాంటి మాటలు అంతకుముందు స్క్రిప్టులో రాసి, రిహార్సల్ చేసి, తెర మీద చెప్పించిన సినిమాలు ఎన్నో ఉన్నాయి. వాటికి చప్పట్లు పడ్డాయి. ఆ రోజు చూసినవాళ్లకు కోపం వచ్చిందంటే అన్నేళ్లు మింగిన కోపం కూడా అందులో కలిసే ఉంటుంది. 2022 డిసెంబర్‌లో ఆయన పోయారు. 50 ఏళ్లకు పైగా వందల సినిమాల్లో వేసిన నటుణ్ణి ఆ ఒక్క మాటతోనే గుర్తుంచుకోవడం అన్యాయం. ఆ మాటను పూర్తిగా దాచి నివాళి రాయడమూ నాకు సరిగా అనిపించదు. రెండూ ఆయనవే.

పాత పోస్టులు తవ్వి తీయడం వేరే రకం. 2018 జులైలో హాలీవుడ్ దర్శకుడు జేమ్స్ గన్‌ను దాదాపు పదేళ్ల కిందటి ట్వీట్ల కోసం డిస్నీ తీసేసింది. ఆ ట్వీట్లు అసహ్యమైనవే. కానీ వాటిని తవ్వినవాళ్లకు బాధ ఆ ట్వీట్ల మీద కాదు, ఆయన రాజకీయాల మీద. 2019లో డిస్నీయే ఆయన్ని మళ్లీ తీసుకుంది.

మా ఆఫీసులో ఇలాంటిది దగ్గరగా చూశాను. గుంటూరు నుంచి వచ్చిన ఒక సహోద్యోగికి టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చింది. వారం తిరగకముందే వాట్సాప్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పడింది. 2013లో, విభజన గొడవలు మరిగిపోతున్న రోజుల్లో, తెలంగాణవాళ్లని సోమరిపోతులని రాసిన ఫేస్‌బుక్ పోస్టు. పంపింది ఎవరో అందరికీ తెలుసు, అదే ప్రమోషన్ కోసం చూసినవాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయనే మా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “అది నేనే రాశాను. అప్పుడు అలాగే అనుకున్నాను. ఇక్కడికొచ్చి మీతో పదేళ్లు పనిచేశాక అది తప్పని తెలిసింది. చెప్పాల్సింది, ఇన్నాళ్లూ చెప్పలేదు” అన్నాడు. చెయ్యి వణుకుతోంది, ప్లేట్‌లో పప్పు ఒలికింది. ఎవరూ ఏమీ అనలేదు, ఒకమ్మాయి కుర్చీ జరిపింది. ఆ రాత్రి నేను నా 2013 పోస్టులు తీసి చూశాను. ఆంధ్రవాళ్ల గురించి నేను రాసినవి ఆయన రాసినదానికంటే తక్కువేం కాదు. మరునాడు వెళ్లి ఆయనకు చూపించాను.

‘నేనలా అనలేదు, వక్రీకరించారు’ అనే క్షమాపణకీ, ఆయన చెప్పినదానికీ మధ్య ఉన్న దూరమే నాకు ముఖ్యం. ఎప్పుడన్నాడు, ఎవరిని అన్నాడు, ఆ తర్వాత ఎలా బతికాడు, ఇప్పుడు ఎవరు ఎందుకు తవ్వుతున్నారు అని చూడకుండా స్క్రీన్‌షాట్ ఒక్కటే చూసి తీర్పు చెప్పడం నావల్ల కాదు.

ఒకటి మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఆడవాళ్లను వేధించాడన్న ఫిర్యాదు వస్తే అది మాటల వ్యవహారం కాదు, చట్టం వ్యవహారం. దాన్ని క్యాన్సిల్ కల్చర్ అని పిలవడమే తప్పు. అక్కడ నిజంగా పని పోగొట్టుకున్నది ఎవరో చూడండి. 2018లో తమిళ గీత రచయిత మీద ఆరోపణ చేసిన కొన్ని వారాలకే గాయని చిన్మయి శ్రీపాద తమిళ డబ్బింగ్ సంఘం సభ్యత్వం పోగొట్టుకుంది. చందా కట్టలేదన్నది సంఘం చెప్పిన కారణం.

కత్తెర ఎందుకు వద్దంటున్నానంటే

పాతవాటిని ఉంచి ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. ‘గాన్ విత్ ద విండ్’ అనే పాత హాలీవుడ్ సినిమాను 2020 జూన్‌లో హెచ్‌బీవో మ్యాక్స్ అనే ఓటీటీ తీసేసింది. రెండు వారాలకే మళ్లీ పెట్టింది, ముందు ఒక సినిమా చరిత్రకారిణి మాటలు చేర్చి. బానిసత్వాన్ని ఈ సినిమా ఎలా అందంగా చూపించిందో ఆమె చెప్తుంది, ఆపైన సినిమా మొత్తం నడుస్తుంది. డిస్నీ 2020లో తన పాత కార్టూన్ల ముందు ఒక మాట పెట్టింది. ఈ చిత్రణలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని. ‘అప్పుడూ’ అన్న ఆ ఒక్క మాట కోసం దాన్ని మెచ్చుకుంటాను. 2023లో బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ రాసిన పిల్లల పుస్తకాల్లో లావు, వికారం వంటి మాటలు మార్చి అచ్చేస్తే పెద్ద గొడవైంది, పాత పాఠం కూడా అమ్మకానికి ఉంచుతామని ప్రచురణకర్తలు చెప్పాల్సి వచ్చింది.

నాకు కత్తెర కంటే ముందుమాట నచ్చుతుంది. మా యాసని రౌడీకి పెట్టిన సీన్లన్నీ రేపు ఎవరైనా తీసేస్తే, మా క్లాసులో ఆ రోజు నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో నేను ఎవరికీ చూపించలేను. ముద్దుపళని పద్యాలు కోసి అచ్చేసినవాళ్లు కూడా మన మంచి కోసమే అనుకున్నారు. మన ఓటీటీల్లో, టీవీల్లో ఇప్పుడు జరుగుతున్నది మధ్యస్థంగా ఉంది. తిట్టు వచ్చినచోట మ్యూట్ చేస్తారు. సిగరెట్ కనిపిస్తే కింద హెచ్చరిక వేస్తారు. ఆడమనిషిని చెంపదెబ్బ కొట్టి ‘దారికి తెచ్చిన’ సీన్ మాత్రం హాయిగా, వెనక సరదా మ్యూజిక్‌తో సహా నడిచిపోతుంది.

మొన్న దసరాకి మా అక్కావాళ్లు వచ్చారు. అక్క కొడుక్కి 9 ఏళ్లు, వాడు పుట్టేటప్పటికే రాష్ట్రం వచ్చేసింది. బాపు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో యూట్యూబ్ పెట్టి ఒక పాత సినిమా చూపిస్తున్నాడు. సగంలో వాడు “తాతా, ఈ దొంగలే మన తీరు మాట్లాడుతున్నరు, మంచోళ్లు ఎందుకు మాట్లాడుతలేరు?” అన్నాడు. బాపు రిమోట్ తీసుకుని సినిమా ఆపాడు. కాసేపు వాడి మొహమే చూశాడు.

“రాసినోళ్లకు మన ఊరు తెల్వదు బిడ్డ” అన్నాడు.

“మరి నువ్వు చెప్పకపోయినవా?”

“ఎవలకు చెప్పాలె?” అన్నాడు బాపు.